అతుకుల మధ్య ఊపిరి

మంచు ఎక్కువగా పడుతోందని ఆ రోజు బడికి సెలవిచ్చారు. నేను బడి వంటగదిలో పనిచేస్తాను కాబట్టి నాకూ సెలవే. సెలవంటే లోకానికి విశ్రాంతి, నాకు మాత్రం ఇంట్లో పేరుకున్న పనంతా ఒక్కసారి మీద పడే రోజు. ఇంటి ముందు దారిలో మంచు పారతో ఎత్తిపోసి లోపలికి వచ్చేసరికి నడుం పట్టేసింది. కాఫీ పెట్టుకుని, వెండెల్ లాప్‌టాప్ తెచ్చి వంటింటి బల్ల మీద పెట్టి కూలబడ్డాను. బూట్లు విప్పే ఓపిక కూడా లేదు. వాటి కింద నీళ్లు మడుగు కడుతుంటే చూస్తూ కూర్చున్నాను.

వెండెల్ నా మొగుడు. పుస్తకాలు పైకి చదివి రికార్డు చేయడం అతని పని. చూపులేనివాళ్లు, నిద్రపట్టనివాళ్లు, లారీలు తోలేవాళ్లు అతని గొంతు విని గుర్తుపట్టేవాళ్లు. దానికి పెద్ద స్టూడియో ఏమీ లేదు. మా పడగ్గదిలో బట్టల అలమర ఉంది, కుర్చీ వేసుకుని ఒక మనిషి కూర్చునేంత పెద్దది. వేలాడే కోట్లు చప్పుళ్లన్నీ పీల్చేసుకుంటాయని అందులోనే కూర్చుని చదివేవాడు. అక్టోబరులో ఆ కుర్చీలోనే గుండె ఆగి పోయాడు. అప్పటినుంచి నేను నా బట్టలు మంచం పక్కన కుర్చీ మీదే పడేసుకుంటున్నాను. ఆ తలుపు తీయడం లేదు.

పోయేనాటికి అతను చదువుతున్నది వాళ్లమ్మ కోసం. మా అత్త పేరు లెంపి. కళ్లు పోయి చాలా కాలమైంది, ఇప్పుడు వృద్ధాశ్రమంలో మంచం దిగలేని స్థితిలో ఉంది. పెద్ద సరస్సు ఒడ్డునున్న మా డులుత్ రేవునుంచి ఇనుప ఖనిజం మోసుకెళ్లే ఓడల మీద ఇక్కడి మేష్టారొకాయన రాసిన పుస్తకం అది. ఆఖరి అధ్యాయంలో ఆవిడ తండ్రి పనిచేసిన ఓడ సంగతి ఉంది. ఆ ఓడ వెళ్లింది, తిరిగి రాలేదు. అప్పటికి ఆవిడ పసిపిల్ల. పుస్తకం అచ్చయ్యేసరికి ఆవిడకి చూపు లేదు. "మా నాన్న కథ నా కొడుకు నోటితో వినాలి, విన్నాక పోతాను," అనేది. కొడుకే ముందు పోయాడు.

చదివిన భాగాలన్నీ లాప్‌టాప్‌లో ముక్కలుముక్కలుగా ఉన్నాయి, కూర్చున్నప్పుడల్లా ఒక ముక్క. అత్తయ్యకి లైబ్రరీవాళ్లిచ్చిన వినే యంత్రం ఉంది. అది ఎంపీత్రీ తప్ప ఇంకేదీ తీసుకోదు, వెండెల్ రికార్డు చేసినవేమో వేరే రకం. పైగా ఆవిడ వేళ్లు ముడుచుకుపోయాయి, ముక్క అయిపోయినప్పుడల్లా మీట నొక్కలేదు. నర్సుని పిలిస్తే నర్సుకి కుదిరినప్పుడు వస్తుంది. అందుకని అన్నీ కలిపి, మార్చి, ఒక్క ఫైలుగా చేయాలి. దానికి ఏ సాఫ్ట్‌వేర్ మంచిదో నాకేం తెలుసు? నాకు తెలిసిందల్లా ఎంతమంది పిల్లలకి ఎంత సూప్ కాయాలో.

గోర్డీకి ఫోన్ చేశాను. గోర్డీ వెండెల్ స్నేహితుడు, అతను చదివినవన్నీ అతికి శుభ్రం చేసిపెట్టేవాడు. నడుం ఆపరేషనయ్యి వాళ్లమ్మాయి ఇంట్లో మంచం మీద ఉన్నాడు.

"ఊరికే వచ్చేదొకటి ఉంది వదినా, అది దించుకో," అన్నాడు. "ఫైళ్లన్నీ అందులో పడేసి 'కలుపు' అని నొక్కు. అంతే. పిల్లలకి నూడుల్స్ చేసిపెట్టినంత తేలిక."

దించుకున్నాను. కలిపాను. విన్నాను. అందులో ఓడ మునిగిపోయింది, ఆ తర్వాత దాన్ని కట్టడం మొదలుపెట్టారు.

గోర్డీ పగలబడి నవ్వాడు. "ఒకటి తర్వాత పది వచ్చుంటుంది, చూడు. కంప్యూటరుకి రెండు గుర్తొచ్చేది పంతొమ్మిది అయ్యాకే. పేర్లలో ముందు సున్నా పెట్టరా అని మీ ఆయన్ని ఎన్నిసార్లు తిట్టానో! విన్నాడా?"

"నా మాటే వినలేదు, నీ మాట వింటాడా."

"పేర్లు మార్చుకో. ఇంకోటి, ప్రతి ముక్క చివరా ఖాళీ ఉంటుంది. అది పారెయ్యకు. గది నిశ్శబ్దం అంటాం దాన్ని. ఏ గది నిశ్శబ్దం దానికే ప్రత్యేకం. అతుకుల దగ్గర అది కొంచెం వేస్తే చెవికి అతుకు తెలియదు. మిగతావాళ్లం ఊపిరి బిగబట్టి కూర్చుని దాన్ని రికార్డు చేస్తాం. వెండెల్‌కి పిల్లికూతలుండేవి కదా, అందుకని రికార్డరు అలా వదిలేసి వంటింట్లోకి వచ్చేసేవాడు."

అవును, వచ్చేసేవాడు. చదివి చదివి గొంతెండిపోయి వచ్చి రొట్టె అడిగేవాడు.

ఆ ఖాళీలు మరీ పొడుగ్గా ఉన్నాయి. ఆ సాఫ్ట్‌వేర్‌లోనే నిశ్శబ్దం ఉన్నచోట్లు కత్తిరించే సదుపాయం ఉంటే నొక్కాను. కాసేపు తిరిగి తిరిగి, నిశ్శబ్దం ఎక్కడా లేదని చూపించింది. మళ్లీ నొక్కాను. మళ్లీ అదే. ఉచితంగా వచ్చినదానికి ఇంతకంటే తెలివెక్కడ ఏడుస్తుందనుకుని, వెండెల్ ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఒక ఖాళీ నేనే విన్నాను.

కుర్చీ కిర్రుమంది. అలమర తలుపు పడింది. అడుగులు దూరమయ్యాయి. ఆ తర్వాత ఎక్కడో గోడల అవతల, నా గొంతు.

"కాఫీ పెట్టమంటావా?"

"పెట్టు. యాలకుల రొట్టె ఉందా?"

"రాత్రి నువ్వే మింగావుగా."

"నేను కాదు, ఎలకలు."

"అవును, ఎనభై కిలోల ఎలక."

చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నాను. అతను పోయాక ఏడవడానికి కూడా నాకు తీరిక దొరకలేదు, ఇవాళ దొరికింది. వెనక్కి తిప్పి మళ్లీ విన్నాను. మళ్లీ విన్నాను. ఎంత మామూలు మాటలు! ఆ వంటింట్లోనే, ఆ బల్ల దగ్గరే కూర్చుని, మేమిద్దరం ఉన్న వంటింటిని వింటున్నాను.

అలా వినగా వినగా తెలిసింది. మా మాటలు దూరంగా ఉన్నాయి. వాటికంటే దగ్గరగా ఇంకొకటి ఉంది. చాలా దగ్గరగా, మైకుని ఆనుకున్నంత దగ్గరగా.

ఊపిరి.

లోపలికి… బయటికి… పిల్లికూతలు లేవు. తొందరేం లేదు. వెండెల్ వంటింట్లో నవ్వుతున్నాడు. నేను నవ్వుతున్నాను. అలమరలో ఎవరో ఊపిరి పీలుస్తున్నారు.

ఇయర్‌ఫోన్లు తీసేశాను. బయట మంచు ఎత్తే బండి రోడ్డు గీరుకుంటూ పోయింది. పట్టపగలు. కాఫీ చల్లారిపోయింది. నడుం నొప్పి, నిద్రలేమి, ఏడుపు, అన్నీ కలిసి చెవుల్లో హోరు పెడుతున్నాయనుకున్నాను. ఆ ముక్క గోర్డీకి పంపాను. కాసేపటికి అతనే ఫోన్ చేశాడు.

"వదినా… ఇంట్లో కుక్కని పెంచారా?"

"లేదు."

"హీటరేమో. గాలి గొట్టాల్లోంచి అలాగే వస్తుంది." గొంతులో నవ్వు లేదు. "ఇంకో సాఫ్ట్‌వేర్ చెప్తాను. కొంచెం తెలివైంది. ఏది మనిషి గొంతు, ఏది చెత్త చప్పుడు అని అదే తేల్చేసి, ఎవరి గొంతు వాళ్లకి వేరు వరసలో పెడుతుంది. చెత్త తీసేసి కలుపుకో."

దించుకున్నాను. ఈసారి పేర్లలో సున్నాలు పెట్టి, ముక్కలన్నీ వరసగా వేశాను. మొదటి వరస వెండెల్. రెండో వరసలో అక్కడక్కడా చిన్నచిన్న గీతలు, వంటింట్లో నేను. హీటరు చప్పుడు, రోడ్డు మీద బళ్లు, అన్నీ చెత్తలో వేసింది.

ఊపిరిని చెత్తలో వెయ్యలేదు. దానికి మూడో వరస ఇచ్చింది.

ఆ వరస ఖాళీల దగ్గర మాత్రమే లేదు. పుస్తకం పొడుగునా ఉంది.

వినకుండా ఉండాల్సింది. కానీ వినకుండా ఎలా అతుకుతాను? మొదటి ముక్కల్లో ఊపిరి ఒక్కటే. నాలుగైదు ముక్కలయ్యాక గుసగుస. వెండెల్ "రేవు" అంటే, ఒక క్షణం ఆగి "రేవు" అనేది. "పొగగొట్టం" అంటే, "గొట్టం." పాఠం అప్పజెప్పే పిల్లలా వెనకాల వెనకాల వచ్చేది. సగం పుస్తకానికి వచ్చేసరికి ఇద్దరూ కలిసి చదువుతున్నారు. ఒకే మాట, ఒకేసారి.

ఆ తర్వాత…

ఆ తర్వాత గుసగుస ముందు వస్తోంది. వెండెల్ వెనకాల.

మళ్లీ గోర్డీకి ఫోన్ చేశాను. "ప్రతిధ్వని అయ్యుంటుంది వదినా," అన్నాడు. "అతని ఇయర్‌ఫోన్లోంచి కారి మైకులో పడుంటుంది."

"ముందే ఎలా పడుతుంది గోర్డీ?"

అవతల వాళ్లింట్లో టీవీ వినిపిస్తోంది. "ఇంక వినకు," అన్నాడు చివరికి.

ఆఖరి ముక్క విన్నాను. గుసగుస హాయిగా, గబగబా చదువుకుపోతోంది. వెండెల్ దాన్ని అందుకోలేకపోతున్నాడు. ఎత్తు ఎక్కుతున్న మనిషిలా ఆగి ఆగి, ఆయాసపడుతూ, అది చెప్పిన మాటే చెప్తున్నాడు. ఒక వాక్యం మధ్యలో అతని గొంతు ఆగింది. గుసగుస ఆ వాక్యం పూర్తిచేసింది, ఆ అధ్యాయంలో అదే ఆఖరిది. తర్వాత అదీ ఆగింది. ఆ ముక్కలో ఇంకాస్త దూరం పోతే నేను అలమర తలుపు తీసిన చప్పుడు ఉంటుంది. అంతదాకా పోలేదు, అక్కడే కోసేశాను.

అప్పుడే వృద్ధాశ్రమం నుంచి నర్సు ఫోన్ చేసింది. ఓపికస్తురాలు, మెల్లగానే చెప్పింది. "మీ అత్తగారు నిన్నటినుంచి ఏమీ తినడం లేదమ్మా. పుస్తకం వచ్చిందా అని అడుగుతున్నారు. ఎక్కువ రోజులు ఆగేలా లేరు. తేగలిగితే తెండి."

"తెస్తాను," అన్నాను. ఇంకేమంటాను?

ఆఖరి అధ్యాయం వెండెల్ మొదలే పెట్టలేదు. అది లేకుండా మిగతాది తీసుకెళ్లి ఏం లాభం? ఆవిడకి కావలసింది అదొక్కటే. నర్సుల చేత చదివించుకోవచ్చు, అయినా ఆవిడ ఎవరినీ అడగలేదు. ఇంటి మనిషి నోటి మాట కావాలి. ఇంట్లో మిగిలింది నేనే. వంటింట్లో చదివితే ఫ్రిజ్జు మోత. పడగ్గదిలో చదివితే రోడ్డు. వేరే గదిలో చదివితే నిశ్శబ్దం కలవదు. అన్నీ ఆలోచించాను. అలమర తలుపు తీశాను.

ఉన్ని కోట్ల వాసన. కలరా ఉండలు, పాత చెమట, అతను నోట్లో వేసుకునే దగ్గు బిళ్లలు. కుర్చీ మీద దిండు ఇంకా అతని బరువుకి నొక్కుకుపోయే ఉంది. కూర్చున్నాను. తలుపు వేసుకున్నాను. బల్బు వేసి, రికార్డరు పెట్టి, పుస్తకం తెరిచాను. భయం కంటే అలసటే ఎక్కువగా ఉంది. ఏదైనా వచ్చి పీక నొక్కినా కాస్త పడుకోవచ్చులే అనిపించేంత అలసట.

చదవడం మొదలుపెట్టాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. బడిలో పిల్లల్ని వరసలో నిలబడమని అరిచే గొంతు ఇది. అయినా సాగింది. ఓడ రేవు వదిలింది. సరస్సు మీద గాలి తిరిగింది. అత్తయ్య తండ్రి కొలిమి దగ్గర బొగ్గు వేస్తున్నాడు. నాకు ఎక్కడా నాలుక తడబడలేదు. ఇంత బాగా చదవగలనని నాకే తెలియదు. మాటలు వాటంతటవే వస్తున్నాయి. పేజీ తిప్పుతున్నాను, చదువుతున్నాను. తిప్పుతున్నాను, చదువుతున్నాను. అల డెక్కు మీదికి ఎక్కింది… కింది గదుల్లో దీపాలు ఆరిపోయాయి… మనుషులు ఒకరి భుజం ఒకరు పట్టుకుని…

కోటు చేయి ఒకటి నా చెంపకి తగిలింది.

అప్పుడు చూసుకున్నాను. చూసుకోవడానికి ఏమీ లేదు. చీకటి.

కరెంటు పోయింది. బల్బు లేదు. ఎప్పుడు పోయిందో తెలియదు. ఒళ్లో పుస్తకం ఉంది, పేజీ కనపడటం లేదు, నా చెయ్యి నాకు కనపడటం లేదు.

నేను ఇంకా చదువుతున్నాను.

ఆపాలనుకున్నాను… నోరు ఆగలేదు. ఒక వాక్యం. ఇంకో వాక్యం. మెత్తగా, తడబడకుండా. అత్తయ్య తండ్రి పేరు వచ్చింది. ఆయన ఆఖరిసారి కనపడిన చోటు వచ్చింది. అధ్యాయం అయిపోయింది. నోరు మూతపడింది.

తలుపు తన్నుకుని బయటపడ్డాను. రికార్డరు లోపలే ఉంది, బ్యాటరీ మీద నడుస్తూనే ఉంది. వంటింట్లోకి వచ్చి గిన్నెలు కడిగే తొట్టి పట్టుకుని నిలబడ్డాను. వెండెల్ చేసినట్టే చేశానని అప్పుడు తట్టింది. రికార్డరుని నడవనిచ్చి గది వదిలేసి వచ్చాను, నిశ్శబ్దం కోసం.

కరెంటు వచ్చాక పుస్తకం తెచ్చి కిటికీ వెలుగులో చూశాను. చీకట్లో చదివినవన్నీ అక్షరం పొల్లుపోకుండా పేజీలో ఉన్నాయి.

గోర్డీకి ఫోన్ చేసి ఒక్కటే అడిగాను. "ఏమీ చూపించనిది, ఏమీ విడదీయనిది, నోరు మూసుకుని అతికేది ఏదైనా ఉందా?"

"ఉంది. పాతది. గీతలుండవు, వరసలుండవు. దానికి వినడం రాదు వదినా, అతకడమే వచ్చు."

"అదే కావాలి."

నల్ల తెర మీద ఒక వరస తెల్ల అక్షరాలు, అంతే దాని సోకు. ఫైళ్ల పేర్లిచ్చాను. నేను చదివినది చివర పెట్టాను. అతికింది, ఎంపీత్రీగా మార్చింది, అయిందని చెప్పింది. వినలేదు. ఈ పని చేసేవాళ్లెవరూ వినకుండా బయటికి ఇవ్వరని గోర్డీ ఎప్పుడూ అంటుండేవాడు. నేను ఈ పని చేసేదాన్ని కాదు. నేను బడి వంటమనిషిని, నాకు నిద్ర కావాలి.

మర్నాడు దారులు శుభ్రం చేశాక తీసుకెళ్లి అత్తయ్య యంత్రంలో పెట్టి, చెవి దగ్గర దిండు మీద ఉంచి, మీట నొక్కాను. వెండెల్ గొంతు మొదలైంది. ఆవిడ కళ్లు మూసుకుని, "వచ్చాడు," అంది. నేను ఉండలేకపోయాను. పనికి వేళైందని చెప్పి వచ్చేశాను. ఆ రాత్రి నడుంనొప్పి మందు వేసుకుని, చర్చివాళ్లు తెచ్చిపెట్టిన కూర వేడిచేసుకుని తిని, సోఫాలో పడి నిద్రపోయాను. రాయిలా నిద్రపోయాను.

మరుసటి రోజు బడి అయ్యాక వెళ్లాను. కిటికీలోంచి ఎండ ఆవిడ దుప్పటి మీద పడుతోంది. నర్సు గుమ్మంలోనే నవ్వుతూ చెప్పింది, పొద్దున జావ తాగారని. నాకు ప్రాణం లేచొచ్చింది. కోటు కూడా విప్పకుండా మంచం పక్కన కూర్చున్నాను.

"ఆర్డిస్," అంది అత్తయ్య. నా పేరు ఆవిడ నోట అంత మెత్తగా ఎప్పుడూ వినలేదు. "మొత్తం విన్నానే. మా నాన్న సంగతి విన్నాను. నీళ్లు వస్తున్నా మెట్ల దగ్గర నిలబడి కుర్రాళ్లని పైకి తోశాడట."

"చివరిది నేను చదివాను అత్తయ్యా. వెండెల్ అంతదాకా రాలేదు. నా గొంతు బాగుండదని తెలుసు…"

"ఏం, చక్కగా చదివావు. వాడు అందిస్తున్నాడుగా."

"ఎవరు?"

"వెండెల్. నీ పక్కనే ఉండి మాట తర్వాత మాట అందిస్తూనే ఉన్నాడు. నీకంటే ముందు వాడి మాట వినిపిస్తూనే ఉంది." ఆవిడ పెదవులు నవ్వాయి. "నీతో కలవడానికి వాడికి ఆట్టే సేపు పట్టలేదు. పెళ్లాంవి కదా. వాళ్ల నాన్నకే సగం పుస్తకం పట్టింది."

కిటికీ రెక్క మీదినుంచి మంచు జారి కిందపడింది. మా మామగారు ఆర్వో పోయినప్పుడు నా పెళ్లే కాలేదు. ఆయన గొంతెలా ఉంటుందో నాకు తెలియదు.

"మొదట్లో వెనకాల గొణుక్కున్నాడు, పాపం," అంది ఆవిడ. "ఆర్వోకి చదువు తక్కువ. పట్టు దొరికాక మాత్రం వదల్లేదు. కొడుక్కి చివరిదాకా అందించాడు."

"అత్తయ్యా, మీకు భయం వెయ్యలేదా?" గొంతు గుసగుసలా వచ్చింది.

"మొదట వేసింది. నాకు అందించడానికి ఎవరుంటారా అని. ఇక్కడ మాటలు మర్చిపోతున్నాను, తల్లీ. నర్సు పేరు రాదు, చెంచా పేరు రాదు. రాత్రినుంచి బెంగ లేదు." ముడుచుకున్న వేళ్లు దుప్పటి మీద కదిలాయి. "రాత్రంతా నువ్వే అందించావుగా."

రాత్రి నేను ఇక్కడ లేను. ఇంట్లో, సోఫాలో, మందు వేసుకుని నిద్రపోయాను. ఆ మాటే చెబుదామనుకున్నాను. నేనింకా నోరు తెరవలేదు.

"నిద్రపోయావులే, తెలుసు," అంది అత్తయ్య. నాకేసి తిరగలేదు. మంచానికి అవతలి పక్కకి, ఎవరూ లేని వైపుకి తల తిప్పి, చెవి ఒగ్గింది.

"కొంచెం మెల్లిగా చెప్పవే ఆర్డిస్," అంది. "అందుకోలేకపోతున్నాను."